ఆ ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

గుండె ఆగిన తర్వాత చేసే అవయవదానంపై అమెరికాలో వివాదం మళ్లీ రాజుకుంది. కెంటకీ ప్రాంతంలో అవయవాలు సేకరించే సంస్థ మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయిన 351 దానాల రికార్డులను పరిశీలించామనీ, వాటిలో 103 ఆందోళనకరంగా ఉన్నాయనీ ఆ దేశ ఆరోగ్యశాఖ 2025 జూలైలో ప్రకటించింది. 73 మందిలో దానానికి పొసగని నాడీ స్పందనలు కనిపించాయి. సేకరణ ప్రక్రియ మొదలయ్యేనాటికి కనీసం 28 మంది మరణించి ఉండకపోవచ్చు. 2021లో ఆపరేషన్ గదికి తరలించిన ఒక రోగి కదులుతుండటంతో సర్జన్లు ముందుకు వెళ్లడానికి నిరాకరించారు. మొదట ఏ చర్యా లేకుండా మూసేసిన ఆ కేసును తిరగదోడడంతోనే ఇదంతా బయటపడింది.

కేప్‌టౌన్‌లో జరిగిన తొలి గుండె మార్పిడి, మెదడు పని శాశ్వతంగా ఆగిపోవడాన్నే మరణంగా గుర్తిస్తూ ఆ తర్వాత వచ్చిన బ్రెయిన్ డెత్ నిర్వచనం అందరికీ తెలిసినవే. నేటి తగవుకు మూలం మాత్రం 1992లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం రాసుకున్న విధానంలో ఉంది. బ్రెయిన్ డెడ్ కాకపోయినా కోలుకునే ఆశ లేక వెంటిలేటర్ వద్దనుకున్న రోగులు, వారి కుటుంబాలు, అవయవాలైనా దానం చేయవచ్చా అని అడిగితే, వారి కోరిక తీర్చడానికి పుట్టిన విధానమది. వెంటిలేటర్ తీసేయాలన్న నిర్ణయం ముందు జరగాలి, దానం ప్రస్తావన ఆ తర్వాతే రావాలి. రోగిని ఆపరేషన్ గదికి తీసుకెళ్లి, యంత్రం తొలగించి, రక్తప్రసరణ ఆగిన రెండు నిమిషాలకు మరణం ధ్రువీకరిస్తారు. ఆ వ్యవధి ఐదు నిమిషాలుండాలని 1997లో ఆ దేశ వైద్య సలహా సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించింది.

ఐదు నిమిషాలు గడిస్తే గుండె తనంతట తాను మళ్లీ కొట్టుకోదన్నది ఆ లెక్కలోని నమ్మకం. మనం ప్రయత్నించినా కొట్టుకోదని దానికి అర్థం కాదు. మూత్రపిండాలు, కాలేయం వరకు ఈ తేడా పెద్దగా బాధించలేదు. 2014లో సిడ్నీ సెయింట్ విన్సెంట్స్ వైద్యులు ఆగిపోయిన పెద్దవారి గుండెను యంత్రంపై తిరిగి కొట్టించి మరొకరికి అమర్చినప్పటి నుంచి మాత్రం దాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాలేదు. మరణం ధ్రువీకరించాక మెదడుకు వెళ్లే రక్తనాళాలను బిగించి, దాత శరీరంలోనే రక్తప్రసరణను పునరుద్ధరించే పద్ధతి వచ్చాక చిక్కు మరింత ముదిరింది. దాన్ని నిలిపివేయాలని వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2021లో కోరింది. అవయవాలు మెరుగ్గా పనిచేస్తాయనీ, దాత కోరిక వృథా కాదనీ సమర్థకులు అంటారు. శరీరంలో ప్రసరణను పునరుద్ధరించకుండానే గుండెను సేకరించే మార్గాలను వాండర్‌బిల్ట్, డ్యూక్ విశ్వవిద్యాలయాల వైద్యులు 2025 జూలైలోనే ప్రచురించారు కాబట్టి, ఈ సంకటం తప్పనిసరి కాదని తేలినట్టే.

రోగి కోరికగా మొదలైనది ఆ తర్వాత సంస్థల లక్ష్యంగా మారింది. సేకరణలో వెనుకబడిన సంస్థలకు 2026 నుంచి గుర్తింపు రద్దయ్యే ప్రమాదం ఉంటుందని 2020లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నిరీక్షణ జాబితాలో లక్ష మందికి పైగా ఉన్న దేశంలో ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. 2024లో గుండె ఆగిన తర్వాత దానం చేసినవారు 7 వేలు దాటారు, మరణానంతర దాతల్లో 40 శాతానికి మించి వారే. అయితే మంచం మీదున్న మనిషి దాత కావడానికి ముందు రోగి. దానం కోసం పనిచేసే సంస్థలు ఈ వార్తల వల్ల నమోదు జాబితాల నుంచి పేర్లు తీయించుకునేవారు పెరిగారని వాపోతున్నాయి, అది నిజమే. అనుమానం వస్తే సిబ్బందిలో ఎవరైనా ప్రక్రియను ఆపవచ్చన్న నియమం 2025లో ఆరోగ్యశాఖ ఆదేశిస్తే గానీ రాకపోవడమే ఆ భయానికి అసలు కారణం.

మన దగ్గర హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా 2013లో మొదలైన అవయవదాన పథకం జీవన్‌దాన్ ప్రధానంగా బ్రెయిన్ డెడ్ దాతల మీద నడుస్తోంది. బ్రెయిన్ డెత్ ధ్రువీకరణకు నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చట్టంలో ఉన్నాయి. వెంటిలేటర్ తొలగింపునకు 2018లో దారి తెరిచిన సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభతరం చేసింది. పిట్స్‌బర్గ్ కుటుంబాలు అడిగిన ప్రశ్నను మన ఐసీయూల బయట కూడా ఎవరో ఒకరు అడుగుతారు. వెంటిలేటర్ తీసేయాలన్న నిర్ణయం జరిగే గదిలోకి అవయవదాన సమన్వయకర్త ఎప్పుడు అడుగుపెట్టవచ్చో, ఎప్పుడు పెట్టకూడదో అంతకుముందే రాతపూర్వకంగా తేల్చాలి.