బెంచ్‌టాప్ ఎన్ఎంఆర్‌కి పారాహైడ్రోజన్ ఎందుకింత కలిసొచ్చింది

ఎన్ఎంఆర్ అంటే న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజోనెన్స్, మాగ్నెట్‌లో పెట్టిన పదార్థంలోని ప్రోటాన్లు ఇచ్చే సిగ్నల్‌ని బట్టి అణువుల నిర్మాణం కనిపెట్టే పద్ధతి. దాన్ని మొదట్నుంచీ పట్టి పీడిస్తున్నది ఒకటే, సిగ్నల్ మరీ వీక్. 60 మెగాహెర్ట్జ్ బెంచ్‌టాప్ (బల్ల మీద పట్టే) మెషీన్‌లో, అంటే 1.4 టెస్లా మాగ్నెటిక్ ఫీల్డ్ దగ్గర, పది లక్షల ప్రోటాన్లుంటే, చిన్న అయస్కాంతాల్లాంటి వాటి స్పిన్లలో ఫీల్డ్ వైపున్న వాటికీ ఎదురున్న వాటికీ తేడా అయిదు, అంతే. మిగతావన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్పెక్ట్రమ్‌లో మనం చూసేదంతా ఆ అయిదు పుణ్యమే.

1946లో పర్సెల్, బ్లాక్ టీములు ఎన్ఎంఆర్‌ని బయటపెట్టాయి, 1952లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ తర్వాత అందరూ పట్టుకున్న దారి మాగ్నెట్ పెంచుకుంటూ పోవడమే. 1961లో వచ్చిన వేరియన్ ఏ-60 మెషీన్ 60 మెగాహెర్ట్జ్, ఇప్పుడు 1.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్ళాం, లిక్విడ్ హీలియం, ప్రత్యేకంగా ఒక గది, బోలెడు ఖర్చు, ఇంతా చేస్తే అక్కడ కూడా ఆ తేడా పది లక్షలకి వంద చుట్టూనే.

ఇంకోపక్క 1980లలో నియోడిమియం మాగ్నెట్లు వచ్చాయి, వాటితో 2010 తర్వాత హీలియం అక్కర్లేని, బల్ల మీద పట్టే మెషీన్లు మార్కెట్లోకొచ్చాయి. మంచిదే, కానీ ఫీల్డ్ చూస్తే మళ్ళీ ఏ-60 దగ్గరికే వచ్చాం. స్కాన్లు పెంచితే సరిపోదా అంటే, సిగ్నల్ టు నాయిస్ (రొదతో పోలిస్తే సిగ్నల్) పదింతలు కావాలంటే వంద స్కాన్లు, వెయ్యింతలు కావాలంటే పది లక్షల స్కాన్లు, ఒక్కోటి పది సెకన్లనుకున్నా మూడు నెలలు దాటిపోతుంది.

దీనికి మందు పారాహైడ్రోజన్, అది 1920ల నుంచే ఉంది, ఎన్ఎంఆర్ పుట్టక ముందు నుంచీ. హైడ్రోజన్ అణువులో రెండు ప్రోటాన్ల స్పిన్లు కలిసే తీరుని బట్టి ఆర్థో, పారా అని రెండు రకాలు. రూమ్ టెంపరేచర్‌లో పారా 25 శాతమే, 77 కెల్విన్‌కి చల్లబరిస్తే సుమారు సగం, 20 కెల్విన్ దగ్గర దాదాపు మొత్తం పారానే. 1929లో బాన్‌హోఫర్, హార్టెక్ బొగ్గుని క్యాటలిస్ట్‌గా వాడి దాన్ని వేరుగా తయారుచేసి చూపించారు. ఇందులో అసలు విశేషం, బొగ్గు నుంచి తీసేశాక మళ్ళీ వేడెక్కినా అది వెంటనే మామూలు హైడ్రోజన్ అయిపోదు, క్యాటలిస్ట్ తగలకపోతే చాలాసేపు పారాగానే ఉంటుంది, అంటే ఆ స్పిన్ క్రమం మాగ్నెట్‌తో పనిలేకుండా సీసాలో నిలవున్నట్టే.

కాకపోతే పారాహైడ్రోజన్‌కి సొంతంగా ఎన్ఎంఆర్ సిగ్నల్ ఉండదు, రెండు స్పిన్లు కలిసి సున్నా. 1986లో కాల్టెక్‌లో బవర్స్, వైటెకాంప్ చెప్పింది ఏంటంటే, ఆ రెండు ప్రోటాన్లనీ రియాక్షన్‌తో ఇంకో అణువులో వేర్వేరు చోట్లకి చేరిస్తే సిమెట్రీ పోయి దాక్కున్న క్రమం సిగ్నల్‌గా బయటికొస్తుందని, మరుసటేడు చేసి చూపించారు కూడా. అంతకుముందే కొన్ని ల్యాబుల్లో హైడ్రోజనేషన్ (అణువుకి హైడ్రోజన్ ఎక్కించే రియాక్షన్) చేస్తుంటే వింత పీకులు, పైకీ కిందకీ, కనపడ్డాయి, వాటిని రాడికల్స్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు) వల్ల అనుకున్నారు. రాచెస్టర్‌లో ఐజెన్‌బర్గ్ బృందం ట్యూబుల్ని లిక్విడ్ నైట్రోజన్‌లో దాచిపెట్టేవాళ్ళు, లోపల హైడ్రోజన్ అక్కడే పారా వైపు మారిపోయేది, అదీ అసలు కారణం!

కానీ ఈ పద్ధతికి హైడ్రోజన్‌ని ఎక్కించుకునే డబుల్ బాండో, ట్రిపుల్ బాండో ఉన్న అణువే కావాలి, ఒకసారి రియాక్షన్ అయిపోతే అంతే సంగతులు. 2009లో యార్క్‌లో డకెట్, గ్రీన్ టీమ్ ఆ అడ్డు తీసేసింది. ఇరీడియం అనే లోహం ఉన్న కాంప్లెక్స్ మీద పారాహైడ్రోజన్, పిరిడిన్ లాంటి అణువు రెండూ కాసేపు కూర్చుని లేచిపోతాయి, ఆ కాసేపట్లోనే పోలరైజేషన్ (స్పిన్లు ఒకవైపుకి మొగ్గి ఉండటం) చేతులు మారుతుంది, అణువు మాత్రం చెక్కుచెదరదు. ఈ పద్ధతి పేరే సేబర్ (SABRE, సిగ్నల్ యాంప్లిఫికేషన్ బై రివర్సిబుల్ ఎక్స్ఛేంజ్).

బెంచ్‌టాప్‌కి ఇది ఎందుకు సరిగ్గా సరిపోయిందో ఇక్కడే తెలుస్తుంది. మిథనాల్ ద్రావణం ఉన్న ట్యూబులోకి కొన్ని బార్ల పారాహైడ్రోజన్ ఎక్కించి, 6 మిల్లీటెస్లా చుట్టూ ఉన్న చిన్న ఫీల్డ్‌లో ఓ పది సెకన్లు గట్టిగా ఊపి, వెంటనే మెషీన్‌లో దింపి ఒక్క స్కాన్ తీస్తారు, ఆలస్యమైతే రిలాక్సేషన్‌లో, అంటే స్పిన్లు మామూలు స్థితికి తిరిగిపోవడంలో, అది పోతుంది. పోలరైజేషన్ బయటే తయారైంది కాబట్టి మెషీన్ మాగ్నెట్ చిన్నదైనా పెద్దదైనా అది అంతే ఉంటుంది, మామూలు సిగ్నల్ మరీ తక్కువున్న చిన్న మెషీన్‌లోనే లాభం ఎక్కువింతలు కనిపిస్తుంది. నా దృష్టిలో ఇన్నేళ్ళ మాగ్నెట్ పరుగుకి ఇంత సూటైన ప్రత్యామ్నాయం ఇంకోటి రాలేదు.

అన్నీ తీరిపోలేదు. సిగ్నల్ పెరిగినా పీకులు ఒకదానిమీదొకటి పడటం తగ్గదు, అది ఫీల్డ్ చేతిలోనే ఉంది. ఒక్కో అణువుకి ఒక్కోలా పెరుగుతుంది కాబట్టి పీక్ సైజు చూసి ఎంత పదార్థం ఉందో నేరుగా చెప్పలేం. ఇరీడియంకి అతుక్కోని అణువుల కోసం 2018లో సేబర్-రిలే వచ్చింది, ముందు ఒక అమీన్‌ని (నైట్రోజన్ ఉన్న ఒక రకం అణువు) పోలరైజ్ చేసి, ప్రోటాన్ల మార్పిడి ద్వారా దాన్ని ఆల్కహాల్స్ లాంటివాటికి అందిస్తారు, ఇప్పుడు పని ఎక్కువగా నడుస్తున్నది ఈ జాబితాని పెంచడం మీదే.