పదివేలతో ఎందుకు గుణించాలి?

క్యాన్సర్ పరిశోధనశాలలో చేరిన వైద్య విద్యార్థి చేతికి మొదట వచ్చేది కొత్త మందు కాదు, కణాలు లెక్కపెట్టే గాజుపలక. హీమోసైటోమీటర్ అనే ఈ పలక ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో వాడినదే కాబట్టి ‘ఇది నాకు వచ్చులే’ అనుకుంటారు. వచ్చో రాదో జూనియర్‌కు నేర్పే రోజున తేలుతుంది. గడుల్లో లెక్కపెట్టిన కణాల సగటును పదివేలతో ఎందుకు గుణించాలని అడిగితే చాలామంది తడబడతారు.

ఆ పలక మీద మూలనుండే పెద్ద గడి పొడవు, వెడల్పు చెరో 1 మి.మీ., లోతు 0.1 మి.మీ. అందులో పట్టేది 0.1 ఘన మి.మీ. ద్రవం. ఒక మిల్లీలీటరు నిండాలంటే అలాంటి గడులు 10,000 కావాలి. అంతే సంగతి.

నాలుగు మూల గడుల్లో 200 బతికున్న కణాలు కనిపించాయనుకోండి. సగటు 50. చచ్చినవి నీలంగా కనిపించేందుకు ట్రిపాన్ బ్లూ అనే రంగును సమపాళ్లలో కలిపాం కనుక రెండింతలు చేయాలి. అంటే మిల్లీలీటరుకు 10 లక్షలు. మందును పరీక్షించే 96 గుంతల ప్లేటులో గుంతకు 100 మైక్రోలీటర్లలో 5,000 కణాలు వేయడానికి 10 మి.లీ. సిద్ధం చేస్తే చాలు: 0.5 మి.లీ. కణాల ద్రవం, 9.5 మి.లీ. మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం.

ఆ రెండింతల సంగతి మరిచిపోతే? కణాలు ఉన్నవాటిలో సగమే అనిపిస్తాయి, 0.5 బదులు 1 మి.లీ. పోస్తాం, గుంతకు 10,000 పడతాయి. ల్యాబుల్లో పెంచే హీలా అనే క్యాన్సర్ కణాలు దాదాపు రోజుకోసారి రెట్టింపవుతాయి. మూడోరోజుకి మందు వేయని గుంతలు కిక్కిరిసి, పెరుగుదల మందగిస్తుంది. మందు వేసిన గుంతలకూ వాటికీ తేడా తగ్గిపోతుంది. నిక్షేపంగా పనిచేసే మందు చేతకానిదిగా కనిపిస్తుంది. తప్పు రసాయనానిది కాదు, లెక్కది.

ఫ్లాస్కు అడుగున అంటుకున్న కణాలను లేపేటప్పుడూ ఇలాంటి తిరకాసే ఉంది. కణాలను ఊడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైము పోసే ముందు ఫ్లాస్కును ఉప్పుద్రావణంతో కడగకపోతే, మీడియంలోంచి మిగిలిన సీరం (రక్తద్రవం) ట్రిప్సిన్‌ను అడ్డుకుంటుంది. కణాలు కదలవు. విద్యార్థి ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ ఉంచుతాడు. చివరికి లేచినవి ముద్దలుగానో, పైపొర దెబ్బతినో వస్తాయి. ముద్దల్ని లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

లెక్క సరిగ్గా ఉన్నా, లెక్కపెట్టిన కణాలు ఏవో తెలియాలి కదా. 1951లో అమెరికా మహిళ హెన్రియెటా లాక్స్ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి వచ్చిన హీలా కణాలు ఎంత చురుకైనవంటే, ఒక్క బొట్టు పక్క ఫ్లాస్కులో పడితే కొన్నాళ్లకు దాన్ని ఆక్రమిస్తాయి. వేర్వేరు అవయవాలవిగా చలామణీ అవుతున్న అనేక సెల్ లైన్లు (ల్యాబులో తరతరాలుగా పెంచే కణాలు) నిజానికి హీలాయేనని జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ 1960లలో ఒక ఎంజైము రకాన్ని బట్టి చూపించాడు. ఇప్పుడు ఎస్‌టీఆర్ ప్రొఫైల్‌తో, అంటే డీఎన్ఏ వేలిముద్రతో పోలుస్తారు.

కణాల ఫ్లాస్కుల్లో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా మరీ దొంగది. మీడియం మసకబారదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు, కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్‌కు లొంగదు. దాని డీఎన్ఏను పట్టే పీసీఆర్ లాంటి ప్రత్యేక పరీక్ష చేస్తేనే దొరుకుతుంది. కొత్త ఫ్లాస్కు వస్తే ఈ పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని వేరే ఇంక్యుబేటర్‌లో ఉంచమని జూనియర్‌కు మొదటిరోజే చెప్పాలి.