రొయ్యకు టీకా: ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది

తెల్లమచ్చల వైరస్ సోకిన చెరువులో రైతుకు దొరికే వ్యవధి చాలా తక్కువ. ముందు మేత తగ్గుతుంది. తర్వాత రొయ్యలు నీరసంగా గట్టు వారకు చేరతాయి. తల పెంకు తీసి వెలుగులో చూస్తే లోపలి వైపు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అక్కడి నుంచి మూడు రోజుల్లోనో పది రోజుల్లోనో చెరువంతా ఖాళీ అయిపోవచ్చు. సోకిన తర్వాత నయం చేసే మందు ఏదీ లేదు. అందుకే రొయ్యలు పెంచే ప్రతిచోటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: కోళ్లకు, చేపలకు టీకాలున్నాయి కదా, రొయ్యకు ఎందుకు లేదు?

జపాన్‌లో మోటోసాకు ఫుజినాగా అనే శాస్త్రవేత్త 1930లలో కురుమా అనే రకం రొయ్యలతో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచగలిగాడు. నేటి హ్యాచరీలన్నిటికీ మూలం అదే. తర్వాతి దశాబ్దాల్లో సాగు పెరిగింది, చెరువులో రొయ్యల సాంద్రత పెరిగింది, సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు), తల్లి రొయ్యలు దేశాలు దాటి ప్రయాణించాయి. వాటితో పాటే వైరస్‌లూ ప్రయాణించాయి. 1990లో థాయ్‌లాండ్‌లో పసుపు తల వ్యాధి, 1992లో ఈక్వెడార్‌లో తౌరా సిండ్రోమ్ బయటపడ్డాయి.

తౌరా కథ దగ్గర కాస్త ఆగాలి. తౌరా నది చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు చచ్చిపోతుంటే, పక్కనున్న అరటి తోటల్లో చల్లే శిలీంద్ర నాశిని మందులే కారణమని చాలామంది నమ్మారు. అసలు కారణం వైరస్ అని తేలేసరికి ఏళ్లు గడిచాయి. ఈలోగా అది అమెరికా ఖండాల్లోని అనేక దేశాలకు పాకింది. శత్రువు ఎవరో తెలియకుండా పోయిన ఆ కాలానికి పరిశ్రమ చాలా పెద్ద మూల్యం చెల్లించింది.

తెల్లమచ్చల వైరస్ దాదాపు అదే సమయంలో, 1992 ప్రాంతంలో, చైనా, తైవాన్‌లలో మొదట కనిపించింది. 1993లో జపాన్, 1994కల్లా థాయ్‌లాండ్, భారత్, 1999లో ఈక్వెడార్. ఏడెనిమిదేళ్లలో సగం భూగోళం చుట్టేసింది. రొయ్యలే కాదు, పీతలు, క్రస్టేసియన్లు అనే ఇతర పెంకు జీవులు కూడా దీన్ని మోస్తాయి. చచ్చిన రొయ్యను తోటి రొయ్యలు తినేస్తాయి కాబట్టి ఒకసారి చెరువులోకి వచ్చాక వ్యాప్తి ఆగదు.

మరి చేపలకు టీకా ఎలా సాధ్యమైంది? ట్రౌట్ చేపలకు మేతలో టీకా ఇచ్చిన ప్రయోగం 1942లోనే జరిగింది. 1976లో అమెరికాలో చేపల టీకాకు లైసెన్స్ వచ్చింది. నార్వే సాల్మన్ సాగు 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడింది. టీకాలు వచ్చాక ఆ వాడకం అందులో చిన్న భాగానికి పడిపోయింది, సాగు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ చేపకు వెన్నెముక ఉంది, మనలాగే యాంటీబాడీలు తయారుచేసుకునే శక్తి ఉంది. టీకా చేసే పని శత్రువు ముఖాన్ని ముందుగా చూపించడం. ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకునేది యాంటీబాడీలు, వాటిని తయారుచేసే కణాలు.

రొయ్యకు ఆ రెండూ లేవు. దాని రక్షణంతా పుట్టుకతో వచ్చినదే. రక్తంలో తిరిగే హీమోసైట్లు అనే కణాలు చొరబడినదాన్ని మింగుతాయి, చుట్టుముడతాయి, మెలనిన్ అనే నల్లటి పదార్థంతో కప్పేస్తాయి. సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్లూ ఉన్నాయి. ఈ వ్యవస్థ నిన్నటి శత్రువును గుర్తుంచుకోలేదని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. ఆ లెక్కన రొయ్యకు టీకా అన్న మాటకే అర్థం లేదు.

ఆ నమ్మకానికి చెరువుల్లోనే మొదటి దెబ్బ తగిలింది. వైరస్ ఒంట్లో ఉన్నా హాయిగా బతికే రొయ్యలు కనిపిస్తున్నాయని థాయ్‌లాండ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త టిమోతీ ఫ్లెగెల్ గమనించారు. రొయ్యకూ వైరస్‌కూ మధ్య ఒక రకమైన సర్దుబాటు ఏర్పడుతుందని ఆయన, సహచరుడితో కలిసి, 1998లో ప్రతిపాదించారు. 2000లో జపాన్ నుంచి మరో వార్త వచ్చింది. తెల్లమచ్చల వ్యాధి నుంచి బయటపడిన కురుమా రొయ్యలకు మళ్లీ అదే వైరస్ తగిలిస్తే, అవి కొంతవరకు తట్టుకున్నాయి. పరిశోధకులు దాన్ని రోగనిరోధక శక్తి అని తేల్చి చెప్పలేదు. 'దాదాపు అలాంటిదే' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. తర్వాతి ఏళ్లలో చాలామంది ఆ జాగ్రత్తను వదిలేశారు.

2001లో ఈ వైరస్ జన్యుక్రమం మొత్తం చదివేశారు. సుమారు 3 లక్షల అక్షరాల పొడవున్న పెద్ద డీఎన్ఏ అది. వైరస్ పైపొరలో ఉండే వీపీ28 అనే ప్రోటీన్ రొయ్య ఒంట్లో వైరస్ పాకడానికి కీలకమని అదే ఏడాది తేలింది. వీపీ28కు వ్యతిరేకంగా బయట తయారుచేసిన, యాంటీబాడీలున్న సీరమ్‌ను వైరస్‌తో కలిపి ఇస్తే రొయ్యలు బతికాయి. టీకా కోసం వెతికేవాళ్లకు గురి దొరికింది.

నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం బృందం 2004లో చేసిన ప్రయోగం ఈ చరిత్రకు మలుపు. వీపీ28ను బ్యాక్టీరియాలో తయారుచేయించి, ఆ బ్యాక్టీరియాను చంపి, మేత గుళికలకు పూతగా పూసి టైగర్ రొయ్యలకు తినిపించారు. తర్వాత వైరస్ ఉన్న నీటిలో వదిలారు. టీకా తినిపించిన మూడో రోజున వైరస్ తగిలించి పరీక్షిస్తే సాపేక్ష రక్షణ 64 శాతం, ఏడో రోజున 77 శాతం వచ్చింది. అంటే టీకా లేని గుంపులో 100 చచ్చే చోట టీకా తిన్న గుంపులో 23 చచ్చాయన్న మాట. యాంటీబాడీలు లేని జీవిలో ఇది చిన్న విషయం కాదు. కానీ 21వ రోజున పరీక్షిస్తే రక్షణ 29 శాతానికి పడిపోయింది. అంతేకాదు, ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు పనిచేసిన వీపీ19 అనే మరో ప్రోటీన్, మేతలో ఇస్తే అస్సలు పనిచేయలేదు. ఆ తర్వాత ఈ రంగాన్ని వేధించిన రెండు కష్టాలూ ఆ ఒక్క ప్రయోగంలోనే ఉన్నాయి: రక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది, మందు లోపలికి ఎలా చేరుతుంది?

అదే 2004లో అమెరికాలో వేరే దారి తెరుచుకుంది. రెండు పోగుల ఆర్ఎన్ఏ (డీఎన్ఏ లాంటి జన్యు పదార్థం) ఇంజెక్ట్ చేస్తే రొయ్యలో వైరస్‌లను ఎదిరించే స్థితి మేల్కొంటుందని తేలింది. ఆ ఆర్ఎన్ఏ క్రమం వైరస్ జన్యువు క్రమంతో సరిపోలితే రక్షణ మరింత బలంగా ఉంటుందని మరుసటి ఏడాది చూపించారు. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో నులిపురుగులో కనిపెట్టి, 2006లో నోబెల్ అందుకున్న, ఎంచుకున్న జన్యువు పనిని ఆపేసే ఆర్ఎన్ఏ అడ్డగింపు పద్ధతే ఇది. భారత శాస్త్రవేత్తలు వీపీ28 జన్యువున్న డీఎన్ఏను కైటోసాన్ అతి సూక్ష్మ కణాల్లో పొదిగి మేత ద్వారా ఇచ్చి చూశారు. కైటోసాన్ తయారయ్యేది రొయ్య పెంకుల నుంచే. ఇంకొందరు బాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్ల (గట్టి పొర ఉన్న నిద్రాణ కణాల) మీద వీపీ28ను మోయించారు.

ఇన్ని ప్రయోగాలు ప్రయోగశాలలో గెలిచాయి కదా, చెరువు దగ్గర ఎందుకు ఆగాయి? లక్షల రొయ్యలున్న చెరువులో ఒక్కోదానికి ఇంజెక్షన్ ఇవ్వడం కుదిరే పని కాదు. మేతలో కలిపితే కొంత నీటిలో కరిగిపోతుంది, కొంత జీర్ణ ఎంజైముల పాలవుతుంది. బలమైన రొయ్య ఎక్కువ తింటుంది, రక్షణ అవసరమైన బలహీన రొయ్య తక్కువ తింటుంది. పంట మూడు నాలుగు నెలలు. మూడు వారాల్లో తగ్గిపోయే రక్షణను మళ్లీ మళ్లీ ఇవ్వాలంటే ఆ ఖర్చు మేత ఖర్చులో ఇమడాలి.

ఈలోగా సాగును నిలబెట్టినవి వేరే పనులు. వైరస్ జన్యు పదార్థాన్ని పట్టేసే పీసీఆర్ పరీక్ష, క్రిములు లేని నీరు, పీతలు రాకుండా కంచె, హవాయిలో మొదలైన వ్యాధి రహిత వనామి రకం తల్లి రొయ్యలు. వ్యాధి రహిత సీడ్ అంటే వ్యాధిని తట్టుకునే సీడ్ అని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు. ఆ సీడ్ పుట్టినప్పుడు ఫలానా వైరస్‌లు దానిలో లేవు, అంతే. చెరువులో వైరస్ ఉంటే అదీ చస్తుంది. తట్టుకునే శక్తి కోసం జరిగింది ఎంపిక ప్రజననం, అంటే తట్టుకున్నవాటినే తల్లిదండ్రులుగా ఎంచుకుని పెంచడం. తౌరా విషయంలో అది బాగా ఫలించింది. తెల్లమచ్చల దెబ్బ తర్వాత ఈక్వెడార్ కూడా చెరువుల్లో బతికి బయటపడ్డ రొయ్యలనే తల్లులుగా ఎంచుకుంటూ మళ్లీ లేచింది.

ఆ ఎంపిక వెనక ఏముందన్నదే ఇప్పటి ఆసక్తికరమైన పరిశోధన. రొయ్య జన్యువులోనే పాత వైరస్‌ల ముక్కలు అతుక్కుని కనిపిస్తున్నాయి. వాటి నుంచి తయారయ్యే చిన్న ఆర్ఎన్ఏలు అదే రకం వైరస్‌ను అదుపు చేస్తాయన్నది ఫ్లెగెల్ బృందం వాదన. అది నిజమైతే, కొన్ని రొయ్యలకు ఆ జ్ఞాపకం తల్లిదండ్రుల నుంచే వస్తుంది. సరైన ముక్కలున్న తల్లి రొయ్యలను గుర్తించి వాటి సంతానాన్ని పెంచవచ్చు.

ఇవన్నీ తెలిసినవాడిగా, మేత సంచి మీదో సీసా మీదో 'రొయ్యల టీకా' అన్న మాట కనిపించినప్పుడు నాకు టెన్షన్‌గా ఉంటుంది. మశూచి టీకా, పోలియో చుక్కలు చూసిన మనిషికి ఆ మాట ఇచ్చే భరోసా చాలా పెద్దది. అమ్మేవాళ్లను రైతు అడగాల్సినవి ఉన్నాయి. ఏ వైరస్‌కు? ఇచ్చిన ఎన్నో రోజున వైరస్ తగిలించి చూశారు? సూదితో తగిలించారా, నీటి ద్వారానా? టీకా ఇవ్వని గుంపులో ఎన్ని చచ్చాయి, ఇచ్చిన గుంపులో ఎన్ని? పరీక్ష జరిగింది అద్దాల తొట్టెలోనా, చెరువులోనా?