ఆసు ఉందని దిగిపోకండి

పిల్లలూ,

దసరా సెలవులకి పర్లాకిమిడి వచ్చినప్పుడు అరుగు మీద చింతపిక్కలు పెట్టి పోకర్ ఆడాం కదా, చేతికి రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు, వీటన్నిటిలోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్లదే గెలుపు. ఆ రోజు చిన్నోడు ఆసు, ఏడు చేతిలో పెట్టుకుని "ఆసుంది అమ్మమ్మా, ఎలా వదిలేస్తాను" అంటూ పిక్కలన్నీ తోసేశాడు, తీరా పాతపట్నం బావ దగ్గర ఆసు, రాజు ఉన్నాయి. అన్నీ పోయి రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఆ మొహం ఇంకా నా కళ్ల ముందే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు తర్వాత ఆడిన తీరులో తప్పేం లేదురా. ఆ రెండు ముక్కలతో దిగడమే తప్పు. బల్ల మీద ఇంకో ఆసు పడిందనుకో, నీకూ బావకీ ఇద్దరికీ ఆసుల జతే, అప్పుడు పక్క ముక్క చూస్తారు, ఏడు కన్నా రాజు పెద్దది. అంటే నువ్వు కోరుకున్న ముక్క పడినప్పుడే నీ పిక్కలు ఎక్కువ పోతాయి! అవి రెండూ చివరిదాకా తలపడితే పదింట ఏడుసార్లు ఆసు, రాజుదే గెలుపు.

ఇప్పుడు కాస్త లెక్క. 52 ముక్కల్లోంచి రెండు తీస్తే 1,326 రకాలుగా రావచ్చు. వాటిలో ఆసుల జతలు ఆరే, అంటే సగటున 221 ఆటలకి ఒకసారి. ఏదో ఒక జత రావాలన్నా 17 ఆటలకి ఒకసారి. సాయంత్రం కరెంటు పోయి వచ్చేలోగా మనం నలభై ఆటలు కూడా ఆడం, కాబట్టి ఎక్కువసార్లు మీ చేతికి వచ్చేది పనికిరాని ముక్కలే. వదిలేస్తే పిరికితనం అనుకోకండి, ఆటలో ఎక్కువ భాగం అదే.

ఆసుల జత వచ్చినా ఊరికే కూర్చోకూడదు, పందెం పెంచాలి. ఎదురుగా ఒక్కరే ఉంటే వందలో 85 సార్లు మీదే, అదే ఐదుగురినీ చివరిదాకా రానిస్తే సగానికి సగమే.

రెండూ ఇస్పేట్లే కదా అని పెద్దది మురిసిపోతుంది. ఐదూ ఒకే రంగైతే పెద్ద చేయే, కానీ చివరికి ఐదు ఇస్పేట్లు కలిసేది వందకి ఆరేడుసార్లేనమ్మా. బాగున్న చేతికి అది కొంచెం బలం, చెడ్డ చేతిని మాత్రం మంచిది చేయదు. నాలుగుల జత, ఐదుల జత లాంటివి తక్కువ పిక్కలతో బల్ల మీద ముక్కలు చూడనిస్తేనే ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ తెరిచే మొదటి మూడు ముక్కల్లో అదే అంకె మూడోది కలిసేది ఎనిమిది తొమ్మిదిసార్లకి ఒకసారి.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఎక్కడ కూర్చున్నారన్నది. దీన్ని మీరెవరూ పట్టించుకోలేదు. ఆరుగురిలో మొదట మాట్లాడేవాడి వెనక ఇంకా ఐదుగురున్నారు, వాళ్లలో ఎవరి చేతిలో ఏముందో తెలీదు, అందుకే అక్కడ పెద్ద జతలు, ఆసు-రాజు, ఆసు-రాణి లాంటివే ఆడాలి. పంచేవాడి చోటు అలా కాదు. అందరూ వదిలేస్తూ తనదాకా వస్తే మిగిలేది అతని పక్కన వరసగా కూర్చుని, ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పిక్కలు పెట్టిన ఇద్దరే, పైగా బల్ల మీద ముక్కలు తెరిచాక అందరి మాటా విని చివర మాట్లాడతాడు. అక్కడైతే చిన్నోడి ఆసు, ఏడుతో కూడా నేను పెంచుతాను. ముక్కలు అవే, కూర్చున్న చోటు మారింది, అంతే.

ఇదంతా పిక్కలతోనే, డబ్బుతో వద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి మరీ ఆపింది. ఫోన్‌లో ఎవరు ఏ లింకు పంపినా ముందు నాకో మీ అమ్మకో చెప్పండి, తిట్టను.

సంక్రాంతికి వచ్చేలోపు ఒకటి ఆలోచించి రాయండి. ఆరుగురు ఆడుతున్నారు, మొదట మాట్లాడాల్సింది మీరే, చేతిలో కళావరు ఆసు, డైమన్ పది. ఏం చేస్తారు, ఎందుకు? బరంపురంలో ఉన్న అన్నయ్యని అడక్కుండా రాయాలి.

మీ అమ్మమ్మ