మిప్స్ లెక్క కోర్లలోకి ఎందుకు దిగదు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లల్లో కొందరు హైదరాబాదో చెన్నైయో వెళ్లి మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్) ప్రాజెక్టుల్లో పడతారు. కాలేజీలో జావా, పైథాన్ చదివి, ఉద్యోగంలో మెయిన్‌ఫ్రేమ్ పాత భాషలైన కోబాల్, జేసీఎల్ నేర్చుకుంటారు. అమెరికా బ్యాంకుదో బీమా కంపెనీదో పాత అప్లికేషన్‌ను మెయిన్‌ఫ్రేమ్ మీంచి దించి లైనక్స్ సర్వర్ల మీదికి ఎక్కించే పని వాళ్లకి తరచూ తగులుతుంది. క్లయింట్ మొదట అడిగేది ఒకటే: "మా దగ్గర ఇన్ని వేల మిప్స్ ఉంది, ఎన్ని కోర్లు కొనాలి?" మిప్స్ అంటే సెకనుకి ఎన్ని మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు (ప్రాసెసర్ చేసే చిన్న చిన్న ఆజ్ఞలు) నడుస్తాయన్న లెక్క, కోర్ అంటే సర్వర్ చిప్పులోని ఒక్కో ప్రాసెసర్. ఎక్సెల్ షీట్‌లో కోర్‌కి ఇన్ని మిప్స్ అని ఒక గడిలో అంకె వేసి కిందికి లాగేస్తారు. ఆ అంకె ఎక్కడిదని అడిగితే "పాత ప్రాజెక్టు షీట్‌లో ఉందండీ" అనే జవాబొస్తుంది. నిజానికి దాని వెనక అరవై ఏళ్ల కథ ఉంది. అందులో స్పీడు కంటే బేరం పాలే ఎక్కువ.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360 అనే మెయిన్‌ఫ్రేమ్ వరసని ప్రకటించింది. అంతకుముందు మెషీన్ మారితే ప్రోగ్రాం తిరగరాయాల్సిందే. 360లో చిన్న మోడల్ మీద రాసింది పెద్ద మోడల్ మీదా నడిచింది. దాంతో "ఇది దానికి ఎన్ని రెట్లు" అనే ప్రశ్నకి అర్థం వచ్చింది. ఐబీఎం వదిలి సొంత కంపెనీ పెట్టిన జీన్ ఆమ్డాల్ 1975లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌నే నడిపే 470వీ/6 మెషీన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. తర్వాత హిటాచీ కూడా దిగింది. ఒకే ప్రోగ్రాం, మూడు కంపెనీల పెట్టెలు. మిప్స్ లెక్క అక్కడ నిజంగానే పనికొచ్చింది.

వేరే జాతి మెషీన్‌కి దాన్ని తగిలించగానే తిరకాసు మొదలైంది. 1977లో డెక్ కంపెనీ వ్యాక్స్-11/780 తెచ్చింది. ఐబీఎం 370/158తో దాదాపు సమానంగా నడిచింది, 158కి 1 మిప్స్ అని పేరుంది, కాబట్టి వ్యాక్స్ కూడా 1 మిప్స్ అన్నారు. 1984లో ఆ ప్రాసెసర్‌ను లోతుగా కొలిస్తే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి సగటున 10.6 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడుతున్నాయని తేలింది. సైకిల్‌కి 200 నానోసెకన్లు. గుణించి చూస్తే సెకనుకి అర మిలియన్ ఇన్‌స్ట్రక్షన్లు కూడా లేవు. అయినా 1 మిప్స్ ముద్ర చెరగలేదు. ఆ తర్వాత యూనిక్స్ వర్క్‌స్టేషన్లు అమ్మినవాళ్లు చెప్పిన మిప్స్‌లో చాలా వరకు "వ్యాక్స్‌కి ఎన్ని రెట్లు" అన్న లెక్కే. మెయిన్‌ఫ్రేమ్ మిప్స్, యూనిక్స్ మిప్స్ ఒకే పేరుతో తిరిగే రెండు వేర్వేరు కొలతలన్నమాట.

కోబాల్ రాసేవాళ్లకి కాంప్-3 తెలుసు. డబ్బు లెక్కల్లో పైసా తేడా రాకుండా అంకెల్ని దశాంశ రూపంలోనే దాచే పద్ధతి. అలాంటి రెండు మొత్తాల్ని కూడటానికి మెయిన్‌ఫ్రేమ్‌లో ఏపీ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చాలు. ఎంవీసీ అనే ఇంకోటి ఒక్క దెబ్బకి 256 బైట్ల వరకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేస్తుంది. లైనక్స్ సర్వర్లలో ఉండే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఆ దశాంశ కూడికకు వరసగా చాలా ఇన్‌స్ట్రక్షన్లు కావాలి. పాత ఇంటెల్ చిప్పుల్లో ఉన్న కాసిని దశాంశ ఇన్‌స్ట్రక్షన్లు కూడా 64 బిట్ మోడ్‌లో పోయాయి. మన పల్లెల్లో కుంచంతో కొలిచే రోజుల్లో కుంచం ఎన్ని కిలోలని అడిగితే, ధాన్యమా ఉలవలా అని ఎదురు అడిగేవాళ్లు. క్లయింట్‌ని ఆ ఎదురు ప్రశ్న అడిగేవాడు మీటింగ్‌లో కనబడడు.

మిగతా సర్వర్ల లోకం వేరే దారి పట్టింది. 1985లో డేటాబేస్ నిపుణుడు జిమ్ గ్రే, మరికొందరు కలిసి డెబిట్-క్రెడిట్ అనే పరీక్ష ప్రతిపాదించారు. వెయ్యి బ్రాంచీలు, పది వేల టెల్లర్లు, కోటి ఖాతాలున్న బ్యాంకు అనుకుని, సెకనుకి ఎన్ని లావాదేవీలు దాటిస్తుందో, ఒక్కో లావాదేవీకి ఖర్చెంతో చూడాలన్నారు. 1988లో ఇలాంటి పరీక్షలు పెట్టే టీపీసీ, స్పెక్ అనే సంస్థలు రెండూ పుట్టాయి. యూనిక్స్, ఇంటెల్ సర్వర్ల ఫలితాలు అందరి ముందూ పెట్టడం అలవాటైంది. ఐబీఎం తన పవర్ సర్వర్లకి స్పెక్ ఫలితాలు ఇస్తుంది, జెడ్ మెయిన్‌ఫ్రేములకి ఇచ్చే అలవాటు లేదు. వాటికి ఎల్‌ఎస్‌పీఆర్ అనే సొంత పట్టిక ఉంది, అది ఒక మెయిన్‌ఫ్రేమ్‌ను ఇంకో మెయిన్‌ఫ్రేమ్‌తోనే పోలుస్తుంది.

ఆమ్డాల్, హిటాచీ 2000 ప్రాంతంలో పక్కకి తప్పుకున్నాయి. పోటీ లేని చోట కొలత బిల్లింగ్‌కి పనిముట్టయింది. మిప్స్ పక్కనే ఎంఎస్‌యూ అనే లెక్క ఉంది, సాఫ్ట్‌వేర్ చార్జీలు దానిమీదే వేస్తారు. 2003లో వచ్చిన జెడ్990 మెయిన్‌ఫ్రేమ్ నుంచి, అసలు సామర్థ్యం కంటే ఎంఎస్‌యూని దాదాపు 10 శాతం తగ్గించి రాశారు. కస్టమర్‌కి ధర తగ్గించడానికి అదో దారి. ధర కోసం సర్దిన అంకెతో ప్రాసెసర్ వేగాన్ని అంచనా వేయడం ఏం న్యాయం?

బిల్లు పడే తీరు కూడా చిత్రమే. చాలా కాలం నడిచిన పద్ధతిలో, నెల మొత్తం మీద ఏ నాలుగు గంటల సగటు అన్నిటికంటే ఎక్కువో దానికే చార్జీ. అందుకే ఇక్కడ తెల్లారగట్ల ఐదున్నరకి, అంటే వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదికి, విజయనగరంలో ఇంట్లో కూర్చుని షిఫ్ట్ చేసే కుర్రాడు బ్యాచ్ జాబ్ (ఒక్కసారిగా పెద్ద మొత్తంలో నడిపే పని) ఒకదాన్ని ఆపి పెడతాడు. మెషీన్‌కి బలం లేక కాదు, సగటు పెరిగిపోతుందని. 2019 నుంచి వేరే ధరల పద్ధతి కూడా ఉంది గానీ పాత అలవాటు అంత తేలిగ్గా పోదు.

అన్నిటికన్నా నాకు ముచ్చటగా అనిపించేది ఇంకోటి. చిన్న మెయిన్‌ఫ్రేమ్ మోడల్ కొంటే, మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ నడిపే ఇంజిన్‌ను (ప్రాసెసర్‌ను) కొన్న స్థాయిని బట్టి కావాలనే నెమ్మదిగా నడుపుతారు. ఎ నుంచి జెడ్ వరకు 26 స్థాయిలు. అదే మెషీన్‌లో లైనక్స్ కోసం కొన్న ఐఎఫ్‌ఎల్ ఇంజిన్, డీబీ2 డేటాబేస్ పనుల్లో కొంత మోసే జిప్ ఇంజిన్ మాత్రం పూర్తి వేగంతో పరిగెడతాయి. చిప్పు ఒకటే. అలాంటి మోడల్ కింది స్థాయి మిప్స్ తీసుకుని, ఇంటెల్ కోర్ దీనికంటే ఎన్నో రెట్లు మేలని స్లైడ్ వేస్తే చూసేవాళ్లకి బాగుంటుంది, కానీ అక్కడ పోల్చింది చిప్పుతో కాదు, లైసెన్సుతో.

మన దేశంలో ఈ మెషీన్ల పరిచయం తక్కువగా ఉండటానికీ కారణముంది. 1960ల్లో రైల్వేలు ఐబీఎం 1401లు వాడాయి. విదేశీ మారక చట్టం దగ్గర పేచీ వచ్చి ఐబీఎం 1978లో దేశం విడిచింది. 1980ల నడుమ ఢిల్లీలో ప్రభుత్వ కంపెనీ సీఎంసీ మొదలుపెట్టిన రైల్వే రిజర్వేషన్ వ్యాక్స్ మీద నడిచింది. విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లలో క్యూ కట్టి టికెట్ తీసుకున్న తరానికి తెలియకుండానే ఆ "1 మిప్స్" వంశంతో చుట్టరికం ఉంది. మెయిన్‌ఫ్రేమ్ మాత్రం మనవాళ్లకి ఎక్కువగా విదేశీ క్లయింట్ల ద్వారానే తెలిసింది.

గిగాహెర్ట్జ్ చూసి తేల్చుకుందామన్నా కుదరదు. 2012 నాటి జెడ్‌ఈసీ12లోనే 5.5 గిగాహెర్ట్జ్ ఉంది. 2015లో వచ్చిన జెడ్13 వేగం 5కి తగ్గింది, పని మాత్రం ఎక్కువ చేసింది. డిస్కుతో మాట్లాడే పనిలో చాలాభాగం అక్కడ విడి ప్రాసెసర్లు మోస్తాయి, మిప్స్ లెక్కలో అవి రావు. సర్వర్ మీద అదే పని మామూలు కోర్ల నెత్తిన పడుతుంది. ఇక క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) సంగతి: 2010 నాటి జెడ్196 కాలం నుంచి ఐబీఎం పట్టికలోనే ఒక్కో మోడల్‌కి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంకెలుంటాయి, ప్రోగ్రాం క్యాష్ దాటి మెమరీ దాకా ఎంత తరచుగా వెళ్తుందన్న దాన్ని బట్టి. ఐబీఎం తన మెషీన్‌ను తన మెషీన్‌తో పోల్చుకోవడానికే మూడు అంకెలు వాడుతుంటే, మన షీట్‌లో ఉన్నది ఒకే గడి. కాబట్టి నెలాఖరు బ్యాచ్‌ను, పగటి రద్దీని విడివిడిగా కొత్త సర్వర్ మీద నడిపి కొలవనిదే కోర్ల సంఖ్య క్లయింట్‌కి చెప్పకూడదు. ఆ కొలతకి పట్టే వారాలు ప్రాజెక్టు ప్లాన్‌లో మొదటి నుంచీ ఉండాలి.