కొండ ఉండగా గోడ ఎందుకు?

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న బాబీ ఫోన్లో అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "కొండపల్లి కోట కొండ మీదే ఉందిగా తాతయ్యా, మళ్లీ గోడ ఎందుకు?" అని. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం గేమ్ ఆడతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

కొండ శత్రువుకు ఆయాసం తెప్పిస్తుంది, అంతే. మేకలు కాసేవాళ్లు రోజూ ఎక్కి దిగే దారులు ఉండనే ఉంటాయి. చీకట్లో యాభైమంది పైకి పాకితే కొండ వాళ్లనేం చేస్తుంది? ఆపడానికి గోడ కావాలి. కానీ గోడకూ ఒక లోపం ఉంది. మన అపార్టుమెంట్ డాబా మీద నిలబడి కింద గోడకు ఆనుకుని ఉన్న సైకిల్‌ని చూడండి. పిట్టగోడ మీదుగా బాగా వంగితే తప్ప కనపడదు. యుద్ధంలో అలా వంగినవాడి తల కింది వాళ్లకు గురి అవుతుంది. అదే పక్కింటివాళ్ల బాల్కనీ నుంచి అయితే వంగకుండానే మన గోడ మొదలు మొత్తం కనిపిస్తుంది.

బురుజు చేసే పని సరిగ్గా అదే. అది గోడ వరస నుంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అందులో నిలబడ్డవాడు ఎదురుగా వచ్చేవాళ్లనే కాదు, తన రెండు పక్కల గోడల కింద నిచ్చెన వేస్తున్నవాళ్లనూ కొట్టగలడు. ఈ బురుజు అడుగున దాక్కుంటే ఆ బురుజులోవాడు చూస్తాడు. మన కోటల్లో చాలా బురుజులు గుండ్రంగా ఎందుకుంటాయో తెలుసా? నలుపలక బురుజుకు మూలలు ఉంటాయి, గునపంతో అయినా గుండుతో అయినా ముందు ఊడేవి ఆ మూలరాళ్లే. గుండ్రటి రాతికట్టుకు ఫిరంగి గుండు ఏటవాలుగా తగిలితే జారి పక్కకు పోతుంది.

తరవాత చూడాల్సింది కొండపల్లి కోట ముఖద్వారం, దర్గా దర్వాజా. అక్కడ మూడు ద్వారాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పెద్ద ద్వారం 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు, దాని ద్వారబంధపు రాళ్లు ఒక్కొక్కటీ ఏకరాయే. ఒక తలుపు విరగ్గొట్టి లోపలికొచ్చి హమ్మయ్య అనుకునేలోపు ఎదురుగా ఇంకో తలుపు. ఈ లోగా పైనుంచి బాణాలు, రాళ్లు! గోడ మందం కంటే ఈ ఆలోచనే నాకు గొప్పగా తోస్తుంది.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించారు. తరవాత గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు ఏలారు. 1766లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఇంతమంది చేతులు మారిందంటే కోట చేతకానిదని కాదు. ఎంత గట్టి కోటైనా లోపల తిండీ నీళ్లూ ఉన్నంతకాలమే నిలుస్తుంది. అందుకే పైన రాజమహలు కంటే ముందు దాని దగ్గరున్న లోతైన కోనేరు చూడండి. ఊట నీరు, చాలా చల్లగా ఉంటుంది. దాని అవతలే పాత ధాన్యపు కొట్టు. ఇప్పుడక్కడ గబ్బిలాల కాపురం, చిన్ని కెవ్వుమనకుండా ఉంటే చాలు.

బాబీ, కొండ లేనిచోట ఏం చేస్తారని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. దానికి మన బందరు కోటే జవాబు. చుట్టూ చదునే, చాలావరకు బురద నేల, ఒక పక్క మరీ ఊబి. పరాసులు, అంటే ఫ్రెంచివాళ్లు, దాన్ని బురుజులతో బలపరిచి, ఊబి ఉన్న వైపు కాస్త ధీమాగా ఉన్నారు. 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ కొంతమందిని ఆ ఊబిలోంచే పంపి గోల చేయించాడు. లోపలివాళ్లు అటు పరిగెత్తారు. అసలు దాడి ఈశాన్యం వైపు బురుజు మీద జరిగింది. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్లది. బురుజు ఎంత బాగా కట్టినా, అందులో మనుషులు చూడాల్సిన వైపు చూస్తూ ఉండాలి కదా.

సంక్రాంతి సెలవులకు రండి, కొండపల్లి తీసుకెళ్తాను. పైదాకా రోడ్డు ఉంది. అయినా ఉదయాన్నే బయల్దేరదాం, ఎండెక్కితే రాళ్లు కాలిపోతాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. దిగేటప్పుడు ఊళ్లో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇళ్ల దగ్గర ఆగుదాం. ఏనుగు అంబారీ బొమ్మ ఎవరికి కావాలో మీరిద్దరూ ముందే తేల్చుకోండి, అక్కడ కొట్టుకోవద్దు.

మీ తాతయ్య,
విజయవాడ