ఏనుమాముల మిర్చి, ముంబయి రెపో

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డు మిర్చి బస్తాలతో ఎర్రబడుతుంది. పొద్దున జెండా పాట జరుగుతుంది, అంటే ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దానికి వ్యాపారులు వేలంలో పాడిన ధర. ఆ మాట యార్డంతా పాకుతుంది గాని, ఆ ధర దక్కేది కొందరికే. తేమ ఉందనో, తాలు కాయ కలిసిందనో మిగతా బస్తాలకు తగ్గించి కడతారు. అక్కడ నిలబడ్డ రైతు నారు పోసి అప్పటికి ఆరేడు నెలలవుతుంది. ద్రవ్యోల్బణం అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ ఆరేడు నెలల ఎడమే.

ధరలు ఏటా 4 శాతం చొప్పున పెరుగుతాయని అందరికీ నమ్మకం కుదిరితే కౌలు, కూలి, మిత్తి అన్నీ ఆ లెక్క మీదే మాట్లాడుకోవచ్చు. ఒక ఏడు 2 శాతం, మరో ఏడు 8 శాతం అయితే ఆ లెక్క చెదిరిపోయి, అప్పిచ్చేవాడు తన అనుమానానికి కూడా మిత్తి కలుపుతాడు. ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉన్నచోట అది నిలకడ లేకుండా ఊగుతుందని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ తన నోబెల్ ఉపన్యాసంలో వాదించాడు. ఆ ఊగిసలాటను కొలిచే గణిత పద్ధతిని మరో ఆర్థికవేత్త రాబర్ట్ ఎంగిల్ 1982లో బ్రిటన్ ద్రవ్యోల్బణం మీదనే ప్రయోగించి, 1970లలో అనిశ్చితి ఎంతగా పెరిగిందో చూపాడు. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మన దేశంలో 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతానికి మించకుండా ఉంచే బాధ్యతను ఆ బ్యాంకుకు అప్పగించారు. వరుసగా మూడు త్రైమాసికాలు హద్దు దాటితే ప్రభుత్వానికి కారణాలు రాసి ఇవ్వాలి. 2022లో అలాగే రాయవలసి వచ్చింది. ముంబయిలోని ఈ బ్యాంకు మిగతా బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీది వడ్డీనే రెపో రేటు అంటారు. ఆ ఏడాది మే నెలలో 4 శాతంగా ఉన్న ఆ రేటును 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతానికి పెంచారు.

ఈ పెంపు అందరి గడపకూ ఒకేలా చేరదు. హన్మకొండలో 20 లక్షల రూపాయల గృహరుణం 20 ఏళ్లకు తీసుకున్న ఉద్యోగికి వడ్డీ 7 నుంచి 9.5 శాతానికి పెరిగితే, నెల వాయిదా సుమారు 15,500 నుంచి 18,600 రూపాయలకు చేరుతుంది. ఆ మేరకు అతని ఇంట్లో ఖర్చు తగ్గుతుంది. వడ్డీ పెంచి, గిరాకీ తగ్గించి, ధరలను అదుపు చేయడమంటే ఇదే. స్వల్పకాలిక పంట రుణానికి మాత్రం ప్రభుత్వ రాయితీతో వడ్డీ 7 శాతమే, గడువులోగా కడితే 4 శాతమే. అది కూడా అందని కౌలు రైతు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తాడు. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం, లక్షకు 24,000 రూపాయలు. రెపో పావు శాతం తగ్గిందని పత్రికల్లో వచ్చిన రోజున ఆ మిత్తి తగ్గదు. విధానాన్ని చర్చించేవారు ఈ తేడాను ఇంకా పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆహార ధరల సంగతి ఇంకో చిక్కు. ద్రవ్యోల్బణాన్ని కొలిచేందుకు 2012 ఆధార సంవత్సరంగా లెక్కించిన వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం. 2023 జులైలో టమాటా మండిపోయి ద్రవ్యోల్బణం 4.87 నుంచి 7.44 శాతానికి ఎగబాకింది. వడ్డీ పెంచితే తోటలో టమాటా కాయదు కనుక రిజర్వు బ్యాంకు రెపోను కదపలేదు. కొత్త పంట రావడంతో సెప్టెంబరుకు ద్రవ్యోల్బణం 5 శాతానికి దిగింది. ఆ ఓర్పు సరైనదే. అయితే పెరుగుదల ఇక తగ్గదని జనం నమ్మడం మొదలుపెట్టాక ఓర్పు పనికిరాదు. అమెరికాలో 1970లలో ఆలస్యం చేసినందుకు అక్కడి కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీని 20 శాతం దాకా తీసుకుపోవలసి వచ్చింది. 1982 చివరికి అక్కడ నిరుద్యోగం 10.8 శాతానికి పెరిగింది. ఊపును ఆపబోయిన చెయ్యే మరో ఊపునిచ్చింది.

మిర్చి ధరలోని ఊపు వీటన్నిటికన్నా పాతది. నిరుటి ధర బాగుందని అందరూ మిర్చే వేస్తారు, పంట ఒక్కసారి యార్డు మీద పడి ధర కూలుతుంది, మరుసటి ఏడు సాగు తగ్గి ధర మళ్లీ లేస్తుంది. ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ 1934లో దీనికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు. ఈ ఊపును రెపో రేటు అందుకోలేదు; దాన్ని కొంత తగ్గించగలిగేది కోల్డ్ స్టోరేజీలో బస్తాకు చోటు, ధర వచ్చేదాకా ఆగడానికి రెండు రూపాయల మిత్తి కాని అప్పు. అవి లేనివాడు వచ్చిన ధరకు కాంటా పెట్టించి, జులైలో నారుమడికి విత్తనం కొనేటప్పుడు మళ్లీ నిరుటి జెండా పాటనే లెక్కలోకి తీసుకుంటాడు.